చార్మినార్ చుట్టూ ఇళ్లున్నాయి

2025 మే 13 సాయంత్రం, ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన వందకు పైగా దేశాల యువతులు చార్మినార్ దగ్గర నడిచారు. లాడ్ బజార్‌లో గాజులు తొడుక్కున్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో విందు జరిగింది. సరిగ్గా ఐదు రోజులకు, మే 18 ఆదివారం ఉదయం, అక్కడికి కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంటికి నిప్పంటుకుంది. కింద దుకాణాలు, పైన కాపురం. ఎక్కాలన్నా దిగాలన్నా ఒకటే ఇరుకు మెట్ల దారి. పదిహేడు మంది పోయారు. వాళ్లలో ఎనిమిది మంది పిల్లలు.

ఈ రెండు తేదీలనూ విడదీసి చూడడం నావల్ల కావడం లేదు.

పాతబస్తీ బాగుపడాలంటే పర్యాటకమే దారి అన్న మాట ఇప్పుడు ఏ పార్టీ నోట విన్నా ఒకటే. ఒక ప్రభుత్వం ఇస్తాంబుల్ చేస్తామంది. తర్వాతి ప్రభుత్వం ఇదే అసలు నగరమంది. 2025 మార్చిలో ఆమోదం పొందిన రాష్ట్ర పర్యాటక విధానం ఐదేళ్లలో 15,000 కోట్ల పెట్టుబడులు, 3 లక్షల ఉద్యోగాలు అని లెక్క చెప్పింది. రాష్ట్ర ఖజానా నుంచి పర్యాటక పద్దు కింద నిధులు తెస్తే, రాళ్లు పరిచి దీపాలు పెడితే, వచ్చేవాళ్ల ఖర్చుతో బస్తీ బతుకుతుందని స్థానిక నాయకులూ అధికారులూ కూడా నమ్ముతున్నారు. ఖజానాను డబ్బు అడగడాన్ని నేను తప్పుపట్టను. అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. వచ్చిపోయేవాళ్ల పేరు చెప్పి అడగడమే తప్పు. ఎవరి పేరు మీద డబ్బు వస్తుందో వాళ్ల కళ్లకు ఆనేచోటే అది ఖర్చవుతుంది.

ముప్ఫై ఏళ్లుగా జరిగింది అదే. చార్మినార్ చుట్టూ వాహనాలు ఆపి పాదచారుల బాట వేయాలన్న పథకం తొంభైల నుంచి నడుస్తోంది. నల్లరాయి పరిచారు, కంచెలు పెట్టారు, తోపుడు బండ్లను అటు తోశారు, ఇటు తోశారు. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చినా పెద్ద అతిథి వస్తున్నాడంటే ముందు కదలాల్సింది పండ్ల బండే. రాయి పరిచిన చోటు నుంచి రెండు గల్లీలు లోపలికి వెళ్లండి. తలకు తగిలేలా కరెంటు తీగలు, గోడకు ఆనుకుని గోడ, బయటపడే దారి ఒక్కటే ఉన్న ఇళ్లు. ఆ లోపలి గల్లీ ఏ సందర్శకుడి ఫోటోలోనూ పడదు. అందుకే ఏ పర్యాటక అంచనాలోనూ దానికి చోటు లేదు.

పైగా సందర్శకుడి డబ్బు బస్తీకి చేరే దారి కూడా సన్నదే. చార్మినార్ ఎక్కడానికి మనం కట్టే 25 రూపాయలు కేంద్ర పురావస్తు శాఖవి. సందర్శకుడు పడుకునే హోటలు ఎక్కువగా బంజారాహిల్స్‌లోనో మాదాపూర్‌లోనో ఉంటుంది. గది మీద పడే జీఎస్టీని కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. గుల్జార్ హౌజ్‌కు మిగిలేది రద్దీ, చెత్త.

"పన్ను కట్టని బస్తీకి ఇంత ఇవ్వడమే ఎక్కువ" అనే మాట ఒకటి మన మధ్యతరగతి ఇళ్లల్లో తరచూ వినిపిస్తుంది. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. సబ్బు మీద, చెప్పుల మీద, సెల్‌ఫోన్ మీద షాలిబండ మనిషి కట్టే జీఎస్టీ జూబ్లీహిల్స్ మనిషి కట్టేదానికి ఒక్క శాతం కూడా తక్కువ కాదు. పెట్రోలు మీద రాష్ట్రం వేసే 35.2 శాతం వ్యాట్ ప్రతి స్కూటరు దగ్గరా ఒకటే. ఆ జీఎస్టీలో రాష్ట్ర వాటా, ఈ వ్యాట్ మొత్తం చేరేది రాష్ట్ర ఖజానాకే. దాంట్లోంచి వాటా అడిగేవాళ్లు చెయ్యి చాపాల్సిన పని లేదు.

ఖజానా సొమ్ము ఇక్కడ బతికేవాళ్ల కోసమేనన్న సంగతి ఒకప్పుడు ఈ నగరానికి తెలుసు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని మింగింది. ఆ తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. ఇరుకు బస్తీలు తీసి గాలి, వెలుతురు ఉన్న ఇళ్లు కట్టారు, భూగర్భ మురుగు కాలువల పని పట్టారు. పత్తర్‌గట్టీలో మనం తలెత్తి చూసే రాతి కమాన్ల దుకాణాల వరుస ఆ బోర్డు కట్టించిందే. అప్పుడు పెట్టినదీ రాజ్యం సొమ్మే. వరద, ప్లేగు చూసిన ఊళ్లో జనం బతికి ఉండడం కోసం పెట్టారు. ఈ రోజు సందర్శకుడు కెమెరా ఎత్తేది ఆ పనుల వైపే.

లాడ్ బజార్ వ్యాపారులు నా మాట ఒప్పుకోకపోవచ్చు. బేరం కావాలి, జనం రావాలి అంటారు. నిజమే. కానీ వాళ్ల కొట్లు నడిచేది రంజాన్ రద్దీ మీద, పెళ్లి సామాను కోసం మహబూబ్‌నగర్ నుంచో కర్నూలు నుంచో బస్సెక్కి వచ్చే తల్లీకూతుళ్ల మీద. వాళ్లకు కావలసింది శుభ్రమైన మరుగుదొడ్డి, కూర్చోవడానికి నీడ, ఇంటికి చేర్చే బస్సు, మెట్రో. మిగతా నగరానికి 2017 నుంచి మెట్రో నడుస్తుంటే, మొదటి దశలోనే ఉండాల్సిన పాతబస్తీ మార్గానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది.

ఇక గాజు తయారయ్యే చోటు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషించాం. నిప్పుల మీద లక్క కరిగించి, వేడి చల్లారేలోగా ఒక్కొక్క రాయీ పొదిగే పని అది. 2015 జనవరిలో భవానీనగర్ ప్రాంతంలో పోలీసులు తనిఖీ చేస్తే బిహార్ నుంచి తెచ్చిన పిల్లలు రెండు వందల మందికి పైగా గాజుల కార్ఖానాల్లో దొరికారు. దుకాణం ముందు భాగానికి రంగులేసే పద్దు ఆ వెనక గది దాకా ఎప్పుడూ వెళ్లదు.

అందుకని శాసనసభలో పాతబస్తీ పేరెత్తే ప్రతి ఒక్కరినీ ఒకటే కోరుతున్నాను. వచ్చే బడ్జెట్‌లో చార్మినార్ దీపాలకు ముందు, ఒకటే దారి ఉన్న ఇళ్లు ఎన్నో గల్లీ గల్లీ తిరిగి లెక్క తీయించండి. ఆ ఇళ్లకు రెండో మెట్లు కట్టడానికి, పాత తీగలు మార్చడానికి, సందుల్లో దూరగల చిన్న అగ్నిమాపక బండ్లు కొనడానికి, మంటలార్పే నీళ్ల గొట్టాలు వేయడానికి రాష్ట్ర పన్నుల నుంచి డబ్బు అడగండి. పద్దుకు పర్యాటకం అని పేరు పెట్టకండి. లెక్క గుల్జార్ హౌజ్ దగ్గర, ఆ మెట్ల దారి నుంచి మొదలుపెట్టండి.