యెరికో నీళ్లు, ఉద్దానం ఊళ్లు

యెరికో పట్టణస్తులు ఎలీషా ప్రవక్త దగ్గరకొచ్చి తమ గోడు వెళ్లబోసుకున్నారు. ఊరు చూడముచ్చటగానే ఉందని, నీరే చెడ్డదని, ఆ నీటి వల్ల నేల కూడా పనికిరాకుండా పోతోందని వారి బాధ (2 రాజులు 2:19-22). మీరేం పాపం చేశారని ప్రవక్త వారిని అడగలేదు. కొత్త పాత్రలో ఉప్పు తెప్పించుకుని, నీరు పుట్టే చోటికి తానే నడిచి వెళ్లాడు.

మా శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి ఎవరడిగినా మాకు యెరికోయే గుర్తొస్తుంది. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానమైందంటారు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి, పనస తోటలు, పక్కనే సముద్రం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఆ తోటల్ని నేలమట్టం చేసింది. కానీ ఈ నేలను అంతకంటే ఎక్కువగా ఏడిపించింది కిడ్నీ జబ్బు. ఉద్దానంలో డాక్టర్ టి. రవిరాజు బృందం చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. పరీక్షించిన పెద్దల్లో నూటికి 18 మందికి మూత్రపిండాల వ్యాధి ఉందని అది తేల్చింది. వారిలో ఎక్కువమందికి షుగరు, బీపీ వంటి తెలిసిన కారణాలేవీ లేవు. శ్రీలంకలో, నికరాగువా, ఎల్‌సాల్వడార్‌లలో ఎండలో కష్టపడే రైతులనూ కూలీలనూ ఇలాంటి జబ్బే తినేస్తోంది. నీరు, ఎండదెబ్బ, పురుగుమందులు, విచ్చలవిడిగా వాడే నొప్పిమాత్రలు... అనుమానాలు చాలానే ఉన్నా ఇదే కారణమని ఒక్కటీ రుజువు కాలేదు.

కారణం తేలని జబ్బుకు శాపం అని పేరు పెట్టడం తేలిక. ఉద్దానం పిల్లనివ్వం, తెచ్చుకోం అన్న కుటుంబాలున్నాయి. విశ్వాసుల్లో కూడా ఉన్నాయి.

టెక్కలి పక్కనున్న మా రావివలస సంఘంలో కొన్నేళ్ల క్రితం ఒక సోదరి ఉండేది. పెళ్లయి వచ్చిన మనిషి, పుట్టిల్లు ఉద్దానం. వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు వెళ్లేది. పొరుగూరి స్వస్థత కూటాల్లో ఒక ప్రసంగీకుడు ఆమె తలమీద చేతులుంచి, ఇక మిషన్ అక్కర్లేదు పొమ్మన్నాడట. మరుసటి ఆదివారం ఆమె మా ఆరాధనలో సాక్ష్యం చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు. వేదిక మీద నుంచి మేమూ హల్లెలూయ అన్నాం. ఆమె పాదాల వాపు మాకు కనిపిస్తూనే ఉంది. అడగలేదు. అడిగితే కాపరికే విశ్వాసం లేదంటారని భయపడ్డాం. ఆ వారం గడవకముందే ఒక రాత్రి ఆమెకు ఊపిరాడలేదు. ఆటోలో టెక్కలి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. సమాధి కార్యక్రమం మేమే జరిపించి, అంతా దేవుని చిత్తం అన్నాం. ఆ మాటకు ఆమె భర్త తలెత్తి మా వైపు చూశాడు. ఆ తరువాత అతను ఆరాధనకు రాలేదు. అతన్ని మేము తప్పుపట్టలేం.

సెమినరీలో మాకు గ్రీకు నేర్పారు, హెబ్రీ నేర్పారు. క్రియాటినిన్ అంటే ఏమిటో మాత్రం ఆ సోదరి పోయాకే తెలుసుకున్నాం. డయాలసిస్ జబ్బును నయం చేసే మందు కాదు. పనిచేయని మూత్రపిండాలకు బదులు మిషన్ సుమారు నాలుగు గంటలసేపు రక్తాన్ని వడకట్టి, లోపల చేరిన విషాన్నీ నీటినీ తీసేస్తుంది, అంతే. మానేస్తే ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది. మరో సంగతి కూడా అప్పుడే తెలిసింది. రోగిని చూడబోతూ మనం ప్రేమగా పట్టుకెళ్లే కొబ్బరిబొండంలో పొటాషియం ఎక్కువ, అది వారికి ప్రమాదం. కొబ్బరి సీమలో ఈ మాట చెప్పి నమ్మించడం ఎంత కష్టమో ఊహించండి!

రాజైన హిజ్కియాకు మరణకరమైన రోగం వచ్చినప్పుడు గోడవైపు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు పెంచుతానన్నాడు. ఆ వాగ్దానాన్ని మోసుకొచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:1-7). మాట ఇచ్చాడుగా, ఈ కట్టెందుకని హిజ్కియా దాన్ని పీకి పారేయలేదు. స్వస్థపరచే దేవుణ్ణి మేము పూర్తిగా నమ్ముతాం. కానీ ఆస్పత్రి మంచం మీదనుంచి మనిషిని లేపి ఇంటికి పంపే అధికారం ఏ ప్రసంగీకుడికీ ఎవరూ ఇవ్వలేదు.

మనకు సువార్త తెచ్చినవారు ఇలా చేయలేదు. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వారు ఇదే ఉద్దానంలో, సోంపేటలో, ఆరోగ్యవరం ఆస్పత్రి నడిపారు. అక్కడ కంటివైద్యం చేసిన డాక్టర్ బెన్ గల్లిసన్ 1963లో కాల్గరీ నగరానికి వెళ్లి, పేదల కంటి ఆపరేషన్ల ఖర్చు భరించమని ఒక వ్యాపారిని అడిగారు. ఆపరేషన్ ఐసైట్ అనే సంస్థ అలా పుట్టింది. ఆ ఆస్పత్రిలో ప్రార్థనకు లోటు లేదు. అయినా శుక్లం తీయడానికి డాక్టరు కత్తే పట్టారు.

ప్రభుత్వం చేసింది కూడా చెప్పుకోవాలి. డయాలసిస్ రోగుల పింఛను 2019లో పది వేల రూపాయలైంది. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో ప్రారంభమయ్యాయి. హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీరు తెచ్చే 700 కోట్ల రూపాయల పథకమూ అప్పుడే మొదలైంది. ఆలస్యమైనా, ఇది నీరు పుట్టే చోటికి వెళ్లడమే. అయితే ఆస్పత్రి ఉన్నంత మాత్రాన రోగి దాన్ని చేరుకోలేడు. డయాలసిస్ ఉచితమే, కానీ నెలకు ఎనిమిదిసార్లు ఆటో కట్టించుకోవాలి, తోడొచ్చిన మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. అందుకే సువార్త సభల కోసం కొన్న మా సంఘం వ్యాను ఇప్పుడు వారానికి రెండు రోజులు తెల్లవారకముందే రోగులతో బయలుదేరుతోంది. అందులో ఎక్కేవారు ఏ మతంవారని మేము అడగం.

పరీక్ష విషయంలోనే మన సంఘాలు వెనకబడ్డాయి. మూత్రపిండాలు సగం దెబ్బతినేదాకా క్రియాటినిన్ పెద్దగా పెరగదు, మనిషికి ఏ బాధా తెలియదు. కాళ్లు వాచి ఆస్పత్రికి వెళ్లేసరికి చాలావరకు ఆలస్యమైపోతుంది.

మా సంఘానికి వచ్చే ప్రసంగీకులకు ఇప్పుడు ముందే ఒక మాట చెబుతున్నాం: ప్రార్థించండి, మందుల జోలికీ డయాలసిస్ జోలికీ పోవద్దు. మొన్న నెలలో ఒకాయన ఈ షరతు విని రానన్నారు. అప్పటికే కరపత్రాలు పంచేశాం, షామియానాకు బయానా ఇచ్చేశాం. సరేనని ఆ షామియానా కిందే రక్త, మూత్ర పరీక్షలు పెట్టించాం. క్రియాటినిన్ ఎక్కువగా ఉన్నవారు కొందరు బయటపడ్డారు. వారిలో ఒకడు మా గాయక బృందంలో తబలా వాయించే కుర్రాడు. ఒళ్లునొప్పులకు రోజూ మాత్ర వేసుకుంటాడట. ఇంకా కాళ్లు వాయలేదు. సోమవారం అతన్ని పలాస తీసుకెళ్తున్నాం.