గల్లాపెట్టె, అరువు ఖాతా, సత్యం లెక్కలు

మన ఐటీ వాళ్ళల్లో షేర్లు కొనే అలవాటున్న వాళ్ళని ఎవర్నైనా కదిపి చూడండి. ఫలానా కంపెనీ పీఈ రేషియో ఎంతో, పోయిన క్వార్టర్లో లాభం ఎంత పెరిగిందో, ఏ బ్రోకరేజీ వాడు ఎంత టార్గెట్ ఇచ్చాడో టకటకా చెప్పేస్తారు. అదే కంపెనీ కరెంట్ అసెట్స్ గత ఐదేళ్ళలో ఎలా మారాయండీ అని అడిగితే మాత్రం "అవన్నీ సీఏలు చూసుకుంటారు కదా" అంటారు. నా మటుకు నాకు లాభం కన్నా ముందు చూడాల్సింది ఆ పద్దులే అనిపిస్తుంది. అదీ ఒక్క ఏడాదివి కాదు, వరసగా ఐదేళ్ళవి.

కరెంట్ అసెట్స్ అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. మామూలుగా ఏడాది లోపల డబ్బుగా మారాల్సిన ఆస్తులు. ఊళ్ళో కిరాణా కొట్టునే తీసుకోండి. గల్లాపెట్టెలో డబ్బు, అరువు ఖాతాలో రావాల్సిన బాకీలు, కొట్లో ఉన్న సరుకు. ముఖ్యంగా ఈ మూడే. కంపెనీ బాలెన్స్ షీట్లో వీటినే క్యాష్, ట్రేడ్ రిసీవబుల్స్, ఇన్వెంటరీ అంటారు.

ఉదాహరణకి ఒక ఊహాలెక్క వేద్దాం. ఆ కొట్టు అమ్మకాలు మూడేళ్ళలో 10 లక్షల నించి 15 లక్షలకి పెరిగాయి. కరెంట్ అసెట్స్ 3 లక్షల నించి 6 లక్షలయ్యాయి. తీర్చాల్సిన బాకీలు 2 లక్షల దగ్గరే ఉన్నాయి. అంటే కరెంట్ రేషియో ఒకటిన్నర నించి మూడుకి ఎగబాకింది. భేష్ అనుకుంటాం కదా! ఇప్పుడు మూత తీసి చూద్దాం. సరుకు లక్ష నించి లక్షన్నర అయింది. అరువు లక్ష నించి 4 లక్షలయింది. గల్లాపెట్టెలో మాత్రం లక్ష కాస్తా 50 వేలకి పడింది. అమ్మకాలు ఒకటిన్నర రెట్లు పెరిగితే అరువు నాలుగు రెట్లు పెరిగింది. పెరిగింది గిరాకీ కాదు, అడిగినవాడికల్లా అరువివ్వడం. రేపు హోల్‌సేల్ వాడొచ్చి డబ్బడిగితే రేషియో చూపించి పంపించలేం. అందుకే మొత్తం ఎంత పెరిగిందని కాదు, అందులో ఏది పెరిగిందని చూడాలి.

ఐటీ కంపెనీల్లో సరుకుండదు కాబట్టి ఈ గొడవ లేదనుకోకండి. మనకి "అన్‌బిల్డ్ రెవెన్యూ" అని ఒకటుంది. అదేంటో బయటి ఇన్వెస్టర్లకన్నా మనకే బాగా తెలుసు. ఫిక్స్‌డ్ ప్రైస్ ప్రాజెక్టులో మైల్‌స్టోన్ అయ్యాక క్లయింటు సైనాఫ్ ఇస్తేగానీ బిల్లు పంపలేం. యూఏటీలో బగ్గుల మీద బగ్గులు దొరికి ఆ సైనాఫ్ మూడు నెలలు సాగిందనుకోండి. చేసిన పని మేరకు ఆదాయం అప్పటికే లెక్కల్లోకి ఎక్కేసి ఉంటుంది. డబ్బు రాలేదు సరికదా, బిల్లు కూడా వెళ్ళలేదు. ఇల్లలకగానే పండగ కాదని మనవాళ్ళు ఊరికే అన్నారా! రిసీవబుల్స్, అన్‌బిల్డ్ రెవెన్యూ, కాంట్రాక్ట్ అసెట్స్ మూడూ కలిపి, ఏడాది ఆదాయంతో భాగించి, 365తో గుణించండి. ఎన్ని రోజుల ఆదాయం బయట ఇరుక్కుందో తేలుతుంది. ఆ అంకె ఏటా 70, 76, 85, 97 అని పాకుతూ పోతుంటే, లాభం ఎంత బావున్నా ఒక్కసారి ఆగి ఆలోచించాలి.

ఐతే ఈ ఒక్క లెక్కనే నమ్ముకుంటే చాలదు. దానికి సాక్ష్యం మన హైదరాబాదులోనే ఉంది. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు బోర్డుకి రాసిన ఉత్తరం గుర్తుంది కదా. గుర్తు లేనివాళ్ళ కోసం, 2008 సెప్టెంబరు 30 నాటి లెక్కల గురించి అందులో ఉన్న అంకెలివి. పుస్తకాల్లో క్యాష్, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో లేనివి 5,040 కోట్లు. రావాల్సిన వడ్డీగా చూపించిన 376 కోట్లు కూడా లేనివే. రిసీవబుల్స్ 2,651 కోట్లు. అందులో 490 కోట్లు ఉత్తివి. ఆ క్వార్టర్ ఆదాయం 2,700 కోట్లన్నారు, అసలుది 2,112 కోట్లు.

ఇప్పుడు రోజుల లెక్క కట్టి చూడండి. దొంగ అంకెల ప్రకారం సుమారు 88 రోజులు. అసలు అంకెల ప్రకారం 92 రోజులు. అంటే అబద్ధపు పుస్తకాల్లోనే రేషియో కాస్త అందంగా ఉంది! ఎందుకలా? లేని అమ్మకానికి బిల్లు రాస్తే అది ముందు రిసీవబుల్స్‌లో చేరుతుంది. అక్కడే వదిలేస్తే రోజులు పెరిగిపోయి అందరి కళ్ళలో పడుతుంది. కాబట్టి ఆ డబ్బు "వచ్చేసింది" అని బ్యాంకు నిల్వలోకి తోసెయ్యాలి. అలా ఏళ్ళ తరబడి తోస్తూ పోతే అబద్ధమంతా వెళ్ళి క్యాష్‌లో కూచుంటుంది. మనం ఎవరూ అనుమానించని పద్దు అదే. ప్రతి వంద రూపాయల్లో 94 లేనే లేవు. అదే కంపెనీకి 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

ఇది మన ఊరికే ప్రత్యేకం కాదు. 2003 డిసెంబరులో ఇటలీ పాల కంపెనీ పార్మలాట్ తనకుందని చూపించిన దాదాపు 4 బిలియన్ యూరోల బ్యాంకు ఖాతా లేదని తేలింది. 2020 జూన్‌లో జర్మనీలో వైర్‌కార్డ్‌ది 1.9 బిలియన్ యూరోలు. ఆడిటర్లు అన్నిచోట్లా ఉన్నారు.

"ఆడిటర్లకే దొరకనిది మనకి దొరుకుతుందా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆడిటర్ పని వేరు, మన పని వేరు. దొంగతనం మనం రుజువు చెయ్యక్కర్లేదు. అనుమానం వస్తే షేరు కొనకపోతే చాలు. ఆ అనుమానం రావడానికి నేను చూసేవి నాలుగు.

ఒకటి, వడ్డీ. సగటు నిల్వ మీద వచ్చిన వడ్డీ ఎంత శాతం? బ్యాంకు ఎఫ్‌డీ రేటుకి మరీ తక్కువగా ఉంటే ఆ డబ్బు ఎక్కడుందని అడగాలి. వడ్డీ చూపించినా చేతికొచ్చిందా, ఇంకా "రావాల్సింది"లోనే ఉందా అన్నది క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్లో చూడాలి. సత్యం చూపించిన 376 కోట్లు నిల్వలో 7 శాతం. ఇంచుమించు ఏడాది వడ్డీ కాగితం మీదే ఉండిపోయిందన్నమాట.

రెండు, పెట్టె నిండా డబ్బుండగా అప్పు చెయ్యడం. పార్మలాట్ ఒక పక్క బోలెడంత నగదు చూపిస్తూ ఇంకో పక్క బాండ్లమ్ముతూ పోయింది. దీనికి ఒక్కోసారి మంచి కారణమే ఉండొచ్చు. ఆ కారణం కంపెనీ చెప్పగలగాలి.

మూడు, ఆ డబ్బు ఎప్పుడైనా వాటాదారుల చేతికొచ్చిందా? టీసీఎస్ 2017లో 16,000 కోట్ల బైబ్యాక్ చేసింది. అదే ఏడాది ఇన్ఫోసిస్ 13,000 కోట్లది చేసింది. లేని డబ్బుతో అంతలేసి బైబ్యాకులు చెయ్యడం కష్టం. సత్యం మాత్రం 2008 డిసెంబరు 16న ఉన్న క్యాష్ పెట్టి ప్రమోటర్ల కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీల్ని కొంటానంది. లేని ఆస్తుల చోట ఉన్న ఆస్తుల్ని పెట్టడానికే ఆ ప్రయత్నమని తర్వాత ఆ ఉత్తరంలోనే ఒప్పుకున్నారు.

నాలుగు, బాకీల వయసు. 2021-22 నించి మన కంపెనీలు రిసీవబుల్స్‌ని ఆరు నెలల లోపు, ఏడాది లోపు, రెండేళ్ళు, మూడేళ్ళు, ఆపైన అని విడగొట్టి చూపించాలి. సత్యం రోజుల్లో ఈ సదుపాయం లేదు. రెండేళ్ళు దాటిన బాకీ ఏటా పెరుగుతుంటే దాన్ని "కరెంట్" అనడం పేరుకే. అలాగే మార్చి అంకెలతో పాటు సెప్టెంబరువీ చూడండి. మార్చి 31కి ముస్తాబయ్యే కంపెనీలు కొన్ని సెప్టెంబరులో అసలు మొహంతో దొరికిపోతాయి.

ఇదంతా ఒక స్ప్రెడ్‌షీట్, ఐదు యాన్యువల్ రిపోర్టులు, ఓ ఆదివారం మధ్యాహ్నం పని. రోజంతా లాగ్ ఫైళ్ళలో తేడాలు పట్టుకునే మనకి ఇదేమంత కష్టం?

చివరగా ఒక్క మాట. మనలో చాలామందికి జీతమూ, ఈసాప్స్ రూపంలో పొదుపూ ఒకే కంపెనీలో ఉంటాయి. 2009 జనవరి 7న సత్యం షేరు ఒక్క రోజులో ముప్పావు వంతుకి పైగా పడిపోయింది. బయటి ఇన్వెస్టర్‌కి పోయింది షేరు విలువ. లోపలి ఉద్యోగికి షేరు విలువ పోయి, వచ్చే నెల జీతం వస్తుందా రాదా అన్న భయం మిగిలింది. కాబట్టి ఈ లెక్క మొట్టమొదట వెయ్యాల్సింది పక్క కంపెనీకి కాదు, మనం బ్యాడ్జి వేసుకుని వెళ్ళే కంపెనీకి. మీ కంపెనీ గత ఐదేళ్ళ అన్‌బిల్డ్ రెవెన్యూ ఎంతో మీకు తెలుసా?