గైడ్ డబ్బులు దండగా?

గంగోత్రి నుంచి గోముఖ్ 18 కిలోమీటర్లు. అక్కడిదాకా దారి తెలుస్తూనే ఉంటుంది. తపోవనం నుంచి నందనవనం వెళ్లాలంటే మాత్రం గంగోత్రి హిమానీనదాన్ని అడ్డంగా దాటాలి. మా గ్యాంగ్‌లో గొడవ అక్కడే: "ఫోన్‌లో మ్యాప్ ఉందిగా, గైడ్ ఎందుకురా?"

బ్యాక్‌ప్యాకింగ్ అంటే చీప్‌గా తిరగడమే, ఒప్పుకుంటా. డార్మెటరీలో పడుకుందాం, మ్యాగీతో కడుపు నింపుకుందాం. గైడ్ దగ్గర మాత్రం బేరాలొద్దు.

హిమానీనదం కదులుతుంది బాస్! పోయినేడు ఎవరో రికార్డు చేసిన ట్రాక్ మీద ఈ ఏడు పగులు ఉండొచ్చు. పైగా పోస్టర్‌లో లాగా తెల్లగా మెరవదు. అంతా రాళ్లూ మట్టే, అచ్చం మన కంకర క్వారీ. ఐసంతా దాని కింద. మా గైడన్న ముందు కర్రతో పొడిచి చూసి, తను అడుగేసి, అప్పుడే మమ్మల్ని రమ్మనేవాడు. తెల్లారకముందే లేపేశాడు. ఎండెక్కితే రాళ్లను పట్టి ఉంచిన మంచు కరిగి అవి దొర్లుతాయి మరి. ఈ సంగతి ఏ యాప్ చెప్తుంది?

గోముఖ్ ఏళ్లుగా వెనక్కి జరుగుతోందని మనమూ చదువుకున్నాం. తన చిన్నప్పుడు ఐసు ఎక్కడిదాకా ఉండేదో ఆయన చేత్తో చూపించాడు. ఇప్పుడక్కడ ఒట్టి రాళ్లు.

వెళ్లేవాళ్లు అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోండి. ఆ పార్కులోకి అది లేకుండా పంపరు.