బ్రెస్ట్ పంప్ కొనేముందు మీ ఫ్రిజ్‌ని రివ్యూ చేయండి

ఇంట్లో బీటెక్ చదివినోళ్లు ఒకరుంటే, ఆ ఇంటి కస్టమర్ కేర్ వాళ్లే. నాన్నకి ఫోన్, బాబాయికి ఇన్వర్టర్, అత్తకి మిక్సీ, అన్నీ మనమే చూసి చెప్పాలి. ఈ మధ్య ఆ లిస్టులోకి బ్రెస్ట్ పంప్ కూడా చేరింది. కాన్పుకి పుట్టింటికి వచ్చిన అక్కో, వదినో, లీవ్ అయిపోతోందనగా "ఏది మంచిదో కాస్త చూసి చెప్పరా" అని అడుగుతుంది. మనం ఏం చేస్తాం? ఫోన్లకి చేసిందే చేస్తాం. మోటార్ ఎంత, బ్యాటరీ ఎంత, యాప్ ఉందా, స్టార్లు ఎన్ని?

నా మాట ఒకటే. మన పల్నాడులో పంప్ అనేది చివర్లో అడగాల్సిన ప్రశ్న. దానికి ముందు అడగాల్సింది ఫ్రిజ్ గురించి. ఇంకా ముందు అడగాల్సింది, అసలు ఎన్ని పాలు కావాలి అని. ఈ వరస తిరగబడితే వేలు పోసి మంచి పంప్ కొన్నా పాలు సింకులోకే పోతాయి. అవి ఒక తల్లి నిద్ర మానుకుని తీసిన పాలు. అందుకే ఈ రివ్యూ వేరేలా రాస్తున్నా.

ముందు లెక్క తేలుద్దాం

నెల నుంచి ఆరు నెలల మధ్య, తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ రోజు మొత్తంలో సగటున 750 నుంచి 800 మి.లీ. తాగుతుంది. అంటే గంటకి 30 మి.లీ. అటూ ఇటూ. నరసరావుపేట నుంచి గుంటూరు దాదాపు 45 కిలోమీటర్లు. పొద్దున 8కి బస్సెక్కి సాయంత్రం 6కి ఇల్లు చేరే తల్లి అనుకుందాం. పది గంటలు. కావాల్సింది 300 నుంచి 350 మి.లీ. వంద చొప్పున మూడు డబ్బాలు, మహా అయితే నాలుగు. అంతే.

ఇంకో విషయం, ఈ రోజు ఆఫీసులో తీసిన పాలు రేపటికి పనికొస్తాయి. కాబట్టి డ్యూటీలో చేరే రోజుకి చేతిలో ఉండాల్సింది మొదటి రోజు సరుకు, పైన ఒకటి రెండు రోజుల స్పేర్. 2017 సవరణ తర్వాత చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల లీవ్ ఉంది. దాన్ని కాన్పు తర్వాతే మొత్తం వాడుకున్నవాళ్లు ఆఫీసుకి వెళ్లేసరికి బిడ్డకి ఆరు నెలలు, గుజ్జు అన్నం మొదలుపెట్టే టైమ్. వాళ్లకి ఈ అవసరం ఇంకా తగ్గుతుంది.

మరి ఇన్‌స్టాలో ఫ్రీజర్ నిండా ప్యాకెట్లు పేర్చిన ఫోటోలు? వాటిని టార్గెట్‌గా పెట్టుకోవద్దు. పాల ఉత్పత్తి మన ఆటోస్కేలింగ్ సర్వర్ లాంటిది. ఎంత ఖాళీ అయితే అంత తయారవుతుంది, లోపల మిగిలిపోతే తగ్గుతుంది. బిడ్డ తాగాక కూడా రోజూ పంప్ పెట్టి లాగుతుంటే బాడీకి అది ఫేక్ ట్రాఫిక్. ఇంట్లో కవలలున్నారేమో అన్నట్టు పెంచేస్తుంది. ఆ తర్వాత ఒక్క సెషన్ మిస్సయినా గట్టిపడటం, గడ్డలు, నొప్పి, ఒక్కోసారి జ్వరంతో ఆసుపత్రికి వెళ్లాల్సి రావడం. "ఎక్స్‌ట్రా" అనేది ఫ్రీ కాదు.

అలాగే పంప్‌లో 40 మి.లీ. మాత్రమే వచ్చిందని "నాకు పాలు లేవు" అనుకోవద్దు. బిడ్డ నోరు లాగినట్టు ఏ మోటారూ లాగలేదు. పంప్‌లో పడిన మి.లీ. పాలకి బెంచ్‌మార్క్ స్కోర్ కాదు. బిడ్డ బరువు పెరుగుతోందా, మూత్రం సరిగ్గా పోస్తోందా అనేది చూడాలి.

ఇప్పుడు అసలు రివ్యూ: ఫ్రిజ్

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ చెప్పే లెక్కలు ఇవి. అప్పుడే తీసిన పాలు 25 డిగ్రీలు, అంతకంటే చల్లటి గదిలో 4 గంటలు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర 4 రోజులు. మైనస్ 18 ఉండే ఫ్రీజర్‌లో ఆరు నెలల వరకు బాగుంటాయి. ఐస్ ప్యాక్‌లు పెట్టిన బాక్స్‌లో 24 గంటలు. నెట్‌లో కనిపించే చార్టులు చాలావరకు ఇవే.

కానీ ఆ మొదటి లైన్‌లో ఉన్న 25 డిగ్రీలు చూశారా? ఎండాకాలం వచ్చిందంటే రాష్ట్రంలో ఎక్కువ ఎండ ఎక్కడ అనే వార్తలో మన రెంటచింతల పేరు ఉండాల్సిందే. బయట 45 దాటిన రోజు మాచర్లలోనో గురజాలలోనో ఏసీ లేని ఇంట్లో 25 ఎక్కడి నుంచి వస్తుంది? కాబట్టి "బయట 4 గంటలు ఉండొచ్చు" అనే రూల్ మార్చి నుంచి జూన్ దాకా మనకి లేదనుకోండి. తీసిన వెంటనే ఫ్రిజ్‌లోకో ఐస్ బాక్స్‌లోకో వెళ్లాలి.

రెండోది, మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది సింగిల్ డోర్ ఫ్రిజ్. దాని పైన ఉండేది ఫ్రీజర్ కాదు, ఐస్ బాక్స్. విడిగా తలుపున్న ఫ్రీజర్‌కి చెప్పిన ఆరు నెలలు దీనికి వర్తించవు. బ్రిటన్ ఎన్‌హెచ్‌ఎస్ ఇలాంటి ఐస్ బాక్స్‌కి ఇచ్చే గడువు రెండు వారాలే. పైగా ఇంట్లో ఎవరో ఒకరు ఐస్ పేరుకుందని డీఫ్రాస్ట్ బటన్ నొక్కుతారు. తెల్లారేసరికి అన్నీ కరిగి ఉంటాయి. పూర్తిగా కరిగిన పాలని మళ్లీ గడ్డకట్టించకూడదు. ఫ్రిజ్‌లోనే ఉంచి 24 గంటల్లో వాడేయాలి. అందుకే ఆ బటన్ మీద ఒక స్టిక్కర్ అంటించండి. ఇంతకంటే చవకైన అప్‌గ్రేడ్ ఇంకోటి లేదు.

మూడోది, ఫ్రిజ్ లోపల తిప్పే నాబ్ మీద 1 నుంచి 7 వరకు ఉండే అంకెలు డిగ్రీలు కావు. 4 మీద పెట్టాం కాబట్టి 4 డిగ్రీలు ఉందనుకుంటే పొరపాటే. కొన్ని వందలకి దొరికే చిన్న డిజిటల్ థర్మామీటర్ లోపల పెట్టి రెండు రోజులు గమనించండి. తలుపు అరలో కాకుండా లోపలికి, వెనక వైపుకి పెట్టండి. తలుపు తీసిన ప్రతిసారీ ముందు వేడెక్కేది ఆ అరే.

నాలుగోది కరెంట్. ఇంటి ఇన్వర్టర్ మీద మామూలుగా ఫ్యాన్లు, లైట్లే ఉంటాయి, ఫ్రిజ్ ఉండదు. కరెంట్ పోతే తలుపు తీయకుండా ఉంచిన ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనం నిలుపుతుంది. గాలివాన వచ్చి రాత్రంతా పోతే ఆ లెక్క సరిపోదు. నెల రోజుల స్టాక్ అంతా ఒకే ఫ్రిజ్‌లో పెట్టడం, బ్యాకప్ లేని సర్వర్‌లో డేటా పెట్టడం లాంటిదే. అదే మూడు రోజుల స్టాక్ అయితే పోయినా తల్లి మళ్లీ నిలదొక్కుకుంటుంది.

డబ్బా మీద తేదీ, టైమ్ రాయండి. ముందు పెట్టింది ముందు తీయాలి. ఇది క్యూ, స్టాక్ కాదు. ఒక్కో డబ్బాలో 60 నుంచి 100 మి.లీ. చాలు, ఎందుకంటే తాగగా మిగిలినవి రెండు గంటలు దాటితే పారేయాలి. ఇంకోటి, కొందరి పాలు గడ్డకట్టి కరిగాక సబ్బు వాసన వస్తాయి. పాలల్లోని లైపేజ్ అనే ఎంజైమ్ వల్ల అలా అవుతుంది. పాడైనట్టు కాదు, కానీ కొందరు పిల్లలు తాగరు. ఒక ప్యాకెట్‌తో టెస్ట్ చేశాకే మిగతావి నింపండి. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లోకి పంపొద్దని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

"ఫ్రిజ్ పాలు పడితే పిల్లకి జలుబు చేస్తుంది" అని మా అమ్మ అక్కతో గట్టిగానే వాదించింది. అమ్మ భయాన్ని కొట్టిపారేయక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో డబ్బా పెట్టి చల్లదనం పోగొట్టి పట్టొచ్చు. పొయ్యి మీద కాచొద్దు, మైక్రోవేవ్‌లో అసలే వద్దు. ఒక చోట చల్లగా, ఇంకో చోట నోరు కాలేంత వేడిగా తయారవుతాయి. పైన మీగడ తేలితే గుండ్రంగా తిప్పితే కలిసిపోతుంది. పగలంతా పాలు పట్టేది అమ్మమ్మే కాబట్టి, యాప్ నోటిఫికేషన్లకంటే ఆమెకి ఈ నాలుగు ముక్కలు అర్థమయ్యేలా చెప్పడం ముఖ్యం.

చివరికి పంప్

1920ల్లో అమెరికాలో మెకానికల్ బ్రెస్ట్ పంప్‌కి పేటెంట్ తీసుకున్న ఎడ్వర్డ్ లాస్కర్ ఒక ఇంజనీర్, పేరున్న చెస్ మాస్టర్ కూడా. 2014లో ఎంఐటీ మీడియా ల్యాబ్ పంప్‌ని బాగుచేయడానికే హ్యాకథాన్ పెట్టింది. ఇప్పుడు బట్టల లోపల పెట్టుకునే వైర్‌లెస్ పంప్‌లు వచ్చాయి. హార్డ్‌వేర్ బాగుపడింది, కాదనను. కానీ స్పెక్స్ చదివే పద్ధతి వేరు.

సక్షన్ ఎక్కువుంటే పాలు ఎక్కువొస్తాయన్నది తప్పు. నొప్పి లేకుండా తట్టుకోగలిగినంతే సరైన సెట్టింగ్. నొప్పి పుడితే పాలు దిగడమే తగ్గొచ్చు. ఫ్లాంజ్ సైజు, అంటే రొమ్ముకి ఆనించే గరాటు కొలత, మోటార్ కంటే ముఖ్యం. అది మిల్లీమీటర్లలో ఉంటుంది, బాక్స్‌తో వచ్చినదే సరిపోతుందని లేదు. "హాస్పిటల్ గ్రేడ్" అని రాసి ఉంటే మురిసిపోకండి. ఆ మాటని అమెరికా ఎఫ్‌డీఏనే గుర్తించదు, ఎవరైనా రాసుకోవచ్చు. పాలు ట్యూబ్‌లోకి, మోటార్‌లోకి వెళ్లకుండా అడ్డు ఉండే క్లోజ్డ్ సిస్టమ్ తీసుకోండి. ఆ అడ్డు లేని సెకండ్ హ్యాండ్ పంప్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ముందు పాడయ్యేది చిన్న సిలికాన్ వాల్వ్. అది విడిగా దొరకని మోడల్ అయితే మూడో నెలకే షోపీస్. వాడిన ప్రతిసారీ సబ్బుతో కడగాలి, రెండు నెలల లోపు బిడ్డయితే రోజుకోసారి మరిగించాలి. విడి భాగాలు తక్కువుంటే ఆ పని తగ్గుతుంది.

రోజుకి ఒకసారో రెండుసార్లో తీసేవాళ్లకి నా ఓటు మాన్యువల్ పంప్‌కే. ఛార్జింగ్ లేదు, సౌండ్ లేదు. అసలు చేత్తో పిండడం నేర్పమని నర్సుని అడిగితే అది కూడా అక్కర్లేకపోవచ్చు. మిరపకోతకి వెళ్లే తల్లికి పదివేల పంప్ గురించి చెప్పడం అర్థం లేనిది. శుభ్రంగా కడిగిన చేతులు, మూతున్న స్టీలు గిన్నె ఆమె దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

పట్టడానికి కూడా కొత్త బాటిల్ కొనాలని లేదు. మన ఉగ్గు గిన్నె ఉంది. నవజాత శిశువుల వార్డుల్లో పలాడై పేరుతో వాడేది అలాంటిదే. నిపుల్ లేదు, మూలల్లో మురికి దాక్కోదు, మరిగిస్తే శుభ్రం. మా ఇంట్లో ఉన్నది నాకంటే వయసులో పెద్దది, ఇంకా సపోర్ట్ ఆగిపోలేదు.

స్పెక్ షీట్‌లో లేనిది

ఆఫీసులో ఎక్కడ తీయాలి? చాలాచోట్ల జవాబు బాత్రూమే. మన టీమ్ లీడ్‌కి ఎర్గోనామిక్ కుర్చీ ఇచ్చే కంపెనీలు గడియ ఉన్న ఒక చిన్న గది ఇవ్వలేవా? బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండు బ్రేకులు చట్టంలోనే ఉన్నాయి. 50 మంది, అంతకంటే ఎక్కువ మంది పనిచేసేచోట క్రెష్ ఉండాలని 2017 సవరణ చెప్పింది. మీ ఆఫీసులో హెచ్‌ఆర్‌ని ఈ ప్రశ్న మగవాళ్లు కూడా అడగొచ్చు.

నిజంగానే పాలు మిగిలితే పారేయక్కర్లేదు, మిల్క్ బ్యాంకులు ఉన్నాయి. మన దేశంలో మొదటిది 1989లో ముంబై సయన్ ఆసుపత్రిలో పెట్టారు. హైదరాబాద్ నీలోఫర్‌లో ధాత్రి ఉంది. అక్కడ పరీక్షలు చేసి, పాశ్చరైజ్ చేసి, నెలలు నిండని పిల్లలకి ఇస్తారు. వాట్సాప్ గ్రూపుల్లో ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం వద్దు. తల్లిపాలు అమ్మడాన్ని అనుమతించబోమని 2024 మేలో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ స్పష్టంగా చెప్పింది కూడా.

నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టిన బిడ్డ అయితే పైన లెక్కలన్నీ పక్కనపెట్టి డాక్టర్ చెప్పినట్టే చేయండి. మిగతావాళ్లకి నా వరస ఇది. మొదట థర్మామీటర్, తర్వాత మంచి ఐస్ బాక్స్, మూడు నాలుగు మూత డబ్బాలు. ఇవన్నీ అయ్యాక డబ్బులు మిగిలితే పంప్. ఈసారి అక్క "ఏది మంచిదిరా" అని అడిగితే లింక్ పంపేముందు ఒక్క ప్రశ్న అడగండి: "నువ్వు ఎన్ని గంటలు బయట ఉంటావక్కా?"