ఆ దుప్పటి తీసేయండి



ఒక మే నెల ఆదివారం ఆరాధన ముగించి బయటికి వస్తుండగా, ఇటుక బట్టీలో పనిచేసే సహోదరుణ్ణి మంచం మీద మోసుకొచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది, మాట తడబడుతోంది. "జ్వరం అయ్యగారూ" అన్నారు. నేనూ అలాగే అనుకొని మాత్ర వేయించి, దుప్పటి కప్పించి ప్రార్థన చేశాను. ఆసుపత్రిలో నర్సమ్మ ముందుగా ఆ దుప్పటి లాగేసింది. అతడు బ్రతికాడు గాని, నా తెలియనితనం నేను మరువలేదు.

కరెంటు ఇస్త్రీ పెట్టెను చూడండి. బిళ్ల తిప్పి పెట్టినంత వేడికి చేరగానే దీపం ఆరుతుంది, చల్లబడితే మళ్లీ వెలుగుతుంది. తన వేడిని తానే చూసుకొని సరిచేసుకుంటుంది. మన శరీరమూ అంతే. మెదడు అడుగున బాదం గింజంత హైపోథలామస్ అనే భాగం రక్తపు వేడిని ఎడతెగక గమనిస్తూ, ఇంచుమించు 98.6 డిగ్రీల దగ్గర నిలుపుతుంది. వేడి పెరిగితే చెమట పట్టిస్తుంది. ఆ చెమట ఆరుతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. చల్లబడితే వణికించి వేడి పుట్టిస్తుంది. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ ఈ ఏర్పాటుకు హోమియోస్టాసిస్ అని పేరు పెట్టాడు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు.

రోగక్రిములు చేరినప్పుడు మెదడే ఆ బిళ్లను పైకి తిప్పుతుంది. అందుకే 102 డిగ్రీలున్నా చలి అని ముడుచుకుంటాము. పారాసిటమాల్ మాత్ర ఆ బిళ్లను క్రిందికి దించుతుంది. వడదెబ్బలో బిళ్ల కదలలేదు; చల్లార్చే ఏర్పాటే ఓడిపోయింది. ఒంట్లో నీరు తరిగినా, ఉక్కపోతలో చెమట ఆరకపోయినా వేడి పేరుకొని 104 దాటుతుంది. అప్పుడు మెదడే దెబ్బతింటుంది. ఇక మాత్ర దేనిని దించాలి?

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి వెయ్యిమందికి పైగా వడగాలులకు చనిపోయారు.

ఎండలో పనిచేసినవాడు తికమకగా మాట్లాడినా, ఫిట్స్ వచ్చినా వెంటనే నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోసి విసరండి. 108కి ఫోను చేయండి. చెమట పడుతోంది గదా అని ధైర్యపడవద్దు. కాయకష్టం చేసేవారికి చెమట ఆగకుండానే వడదెబ్బ తగలవచ్చు. స్పృహ లేనివాని నోట నీళ్లు పోయవద్దు.

ముసలివారి సంగతి వేరు. దాహమూ ఇటువంటి కాపలాయే. ఒంట్లో నీరు తరిగి రక్తం చిక్కబడితే మెదడు దప్పిక పుట్టిస్తుంది, మూత్రం తగ్గించమని మూత్రపిండాలకు కబురు పెడుతుంది. వయసు మీరినకొద్దీ ఆ దప్పిక మందగిస్తుంది. "నాకు దాహం లేదురా అయ్యా" అని అవ్వ నిజమే చెబుతుంది. అయినా ఆమె అడిగేదాకా ఆగకుండా పలుచని మజ్జిగ గ్లాసు చేతికివ్వండి.