మల్లన పద్యం, 641 శేషం

హైస్కూల్లో ఉండగా మా తెలుగు మాస్టారు ఒకరోజు పాఠం ఆపి పావులూరి మల్లన పద్యం ఒకటి చదివారు. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు... అలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గళ్ళలో మొత్తం ఎన్ని గింజలో ఆ పద్యంలో ఉందన్నారు. "నిజమేనాండీ?" అంటే "లెక్కల మాస్టారినడుగు నాయనా" అన్నారు. లెక్కల మాస్టారేమో "పద్యాల గొడవ నాకెందుకు, ఆయన్నే అడుగు" అన్నారు. ఆ రెండు గదుల మధ్య వసారాలోనే నా చదువు సగం గడిచిపోయింది.

ఇంటికెళ్ళి చెబితే మా నాన్న "గింజలు లెక్కెట్టడం ఏటిరా, కుంచంతో కొలవాల గానీ" అని నవ్వాడు. సరే, కొలుద్దాం. వెయ్యి వడ్ల గింజలు 25 గ్రాములు తూగుతాయనుకుంటే ఆ ధాన్యం 46 వేల కోట్ల టన్నులు దాటుతుంది. ఇప్పుడు లోకమంతా కలిసి ఏడాదికి పండించే ధాన్యం సుమారు 80 కోట్ల టన్నులు. అంటే ఐదువందల ఏళ్ళ పంటకు పైమాటే!

పదకొండో శతాబ్దపు ఆ పద్యంలో అంకెలు లేవు, మాటలే ఉన్నాయి. శరం అంటే ఐదు, మన్మథుడి బాణాలు గనక. శశి ఒకటి, వేదాలు నాలుగు, గగనం సున్న. కుడినుంచి ఎడమకు పేర్చుకుంటే 18446744073709551615 వస్తుంది. ఇరవై అంకెల్లో ఒక్కటీ తప్పు లేదు. మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటరు ఇందులో ఓ పది అంకెలు చూపించి తక్కినవి మింగేస్తుంది.

నా పేచీ ఇక్కడే. సభల్లో ఈ పద్యం చదివి, "మనవాళ్ళు ఎప్పుడో చెప్పేశారు" అని చప్పట్లు కొట్టించుకుని వేదిక దిగిపోతారు. మల్లన చెప్పింది మొత్తం. ఆ మొత్తం లోపలేముందో పద్యంలో లేదు. అది మన వంతు పని, దానికి రెండు వర్గాల భేదం సూత్రం వస్తే చాలు. ఈ సంఖ్య 4294967296 వర్గం కన్నా ఒకటి తక్కువ. కాబట్టి 4294967297, 4294967295ల లబ్ధం. రెండోదాన్ని అదే సూత్రంతో విడగొడుతూ పోతే 65537, 257, 17, 5, 3 మిగులుతాయి. అన్నీ ప్రధాన సంఖ్యలే.

ఇక మొదటిది మొండిది. ఫెర్మా 1640లో దాన్నీ ప్రధాన సంఖ్యే అనుకున్నాడు. కాదు, అది సంయుక్త సంఖ్య, 641తో భాగం పోతుందని 1732లో ఆయిలర్ తేల్చాడు. దీనికి పెద్ద భాగహారం కూడా అక్కర్లేదు. 640ని 641తో భాగిస్తే శేషం మైనస్ ఒకటి అనుకోవచ్చు, కనక 640 నాలుగో ఘాతానికి శేషం ఒకటి. ఆ ఘాతం అంటే 625ని రెండు ఇరవై ఎనిమిదో ఘాతంతో గుణించినది. కానీ 625, 16 కలిస్తే 641. అంచేత 625 బదులు మైనస్ 16 పెట్టండి: రెండు ముప్ఫై రెండో ఘాతానికి శేషం మైనస్ ఒకటి. దానికి ఒకటి కలిపితే మన మొండి సంఖ్య, శేషం సున్న! రెండో కారణాంకం 6700417, అదీ ప్రధాన సంఖ్యే. మొత్తం ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటీ ఒక్కసారే. అంటే మల్లన సంఖ్యకి భాజకాలు సరిగ్గా 128.

ఇదంతా తెలుగులో చెప్పుకోగలిగాం కదా? మా ఊళ్ళో నాకన్నా చురుకైనవాడు ఒకడుండేవాడు. కుంచాల లెక్క నోటితో కట్టేవాడు. ఇంటర్లో ఇంగ్లీషు పుస్తకం చూసి బెదిరి లెక్కలే మానేశాడు. గిడుగు రామమూర్తి గారు పుట్టిన జిల్లాలో ఇలా జరగడం నాకు సిగ్గుగా ఉంటుంది. ఏడాదికి ఒక్క పీరియడు తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒకే గదిలో, ఒకే బోర్డు దగ్గర నిలబడాలని నేను అడుగుతున్నాను.

మొన్న హాస్టల్లో తెలుగు ఎం.ఏ. మిత్రుడితో ఆ ప్రయోగం చేశాను. వాడు నాకు మాటల్ని అంకెలుగా విప్పాడు. నేను వాడికి 641 ఇచ్చి భాగించమన్నాను. రెండుసార్లు తప్పాడు. మూడోసారి శేషం సున్న తెచ్చి, ఆ కాగితం తన మంచం పక్క గోడకి అన్నం మెతుకులతో అంటించుకున్నాడు.