కడుపులో మంట, కారం మీద నెపం

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల నడుమ తెలుగు వినబడడం వింత కాదు. తెలంగాణ జిల్లాలనుండి వెళ్ళిన నేత కుటుంబాలు దశాబ్దాలుగా అక్కడ స్థిరపడి ఉన్నాయి. పప్పులో సైతం బెల్లం వేసే ఆ నగరంలో మామిడికాయ తొక్కు జాడీ వారికి సొంత ఊరి ఆనవాలు. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చిన మనిషి తొక్కు కలుపుకొని నాలుగు ముద్దలు తింటాడు. కడుపు మండితే, "కారం పడలేదు" అని సరిపెట్టుకొంటాడు. ప్రమాదం ఆ సరిపెట్టుకోవడంలోనే ఉన్నది.

ఇంగ్లీషులో వేడికీ కారానికీ 'హాట్' అనే మాట ఒక్కటే. అనువాదకులకు ఇదొక చిక్కు; వంటకం పొగలు కక్కుతున్నదో, నాలుకను మండిస్తున్నదో సందర్భాన్ని బట్టి తేల్చుకోవాలి. ఈ విషయంలో మన భాషే మెరుగని నేను చాలాకాలం గర్వించాను. కాని శరీరం ఇంగ్లీషు పక్షమే వహించింది! 1997లో డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన నాడీ గ్రాహకం సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడికి ఎట్లా స్పందిస్తుందో, మిరపలోని కాప్సైసిన్‌కూ అట్లాగే స్పందిస్తుంది. ఆ పరిశోధనకు ఆయన 2021లో నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. అనగా కారం రుచి కాదు. ఏమీ కాలకుండానే కాలినట్లు మెదడుకు చేరే కబురు. కాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు కనుక చెంబెడు నీళ్ళకన్న గుక్కెడు పాలు మేలు.

మితిమీరితే ఆ కబురే కీడు చేయవచ్చు. అమెరికాలో కరోలినా రీపర్ అనే మిరపకాయను పోటీలో తిన్న ఒక వ్యక్తికి మెదడు రక్తనాళాలు తాత్కాలికంగా కుంచించుకొని, భరింపరాని తలనొప్పి వచ్చినట్లు 2018లో వైద్యులు నమోదు చేశారు.

కడుపులోని పుండు మాత్రం వేరు కథ. దానికి ముఖ్యకారణం హెలికోబాక్టర్ పైలోరి అనే సూక్ష్మజీవి అని బారీ మార్షల్, రాబిన్ వారెన్ నిరూపించారు. నమ్మనివారికోసం 1984లో మార్షల్ స్వయంగా ఆ జీవులను తాగి జబ్బుపడ్డాడు! వారికి 2005లో నోబెల్ బహుమతి లభించింది. మరొక కారణం, నడుము నొప్పికీ కాళ్ళ పీకులకూ అదేపనిగా మింగే నొప్పి మాత్రలు. మగ్గం దగ్గర గంటలతరబడి నిలిచేవారు ఇది గమనించాలి. కారం పుండును పుట్టించదు. ఉన్న మంటను పెంచవచ్చు. పులితేన్పులతో, మొలలతో బాధపడేవారినీ అది వేధిస్తుంది.

కనుక కారం మానినంత మాత్రాన పుండు మానదు. మలం నల్లబడినా, వాంతిలో రక్తం కనిపించినా ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. మంట వారాలతరబడి తగ్గకపోయినా, అకారణంగా బరువు తగ్గినా వైద్యుని సంప్రదించాలి. శ్వాస పరీక్షతోనో, మల పరీక్షతోనో ఆ సూక్ష్మజీవిని పట్టుకోవచ్చు. రెండు వారాలు క్రమం తప్పక మందులు వాడితే చాలామందిలో అది పూర్తిగా పోతుంది.